నోరులేని పాత్రలకు రజత కమలాలు

2025 సెప్టెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల ప్రదానం జరిగింది. ఇచ్చినావిడ రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, సంతాల్ ఆదివాసీ మహిళ. పుచ్చుకున్నవాళ్లలో షారుక్ ఖాన్, రాణీ ముఖర్జీ, విక్రాంత్ మాస్సే ఉన్నారు. మోహన్‌లాల్‌కి ఫాల్కే అవార్డు. ‘ద కేరళ స్టోరీ’ తీసినాయనకి ఉత్తమ దర్శకుడు. మన పత్రికలు ఎప్పట్లాగే తెలుగుకి ఎన్నొచ్చాయో లెక్కపెట్టుకుని సంతోషించాయి. అది వాళ్ల లెక్క. మేం ఇంకో లెక్క చూద్దామనుకున్నాం. 1954లో మొదలైన ఈ అవార్డుల్లో అంటరానివాళ్ల కథలు చాలాసార్లే గెలిచాయి. గెలిచినప్పుడు ఆ కథలో మనవాడు ఏం చేస్తున్నాడు? మాట్లాడుతున్నాడా, మూగగా ఉన్నాడా? బతికున్నాడా, శవమై ఉన్నాడా? ఆ వేషం వేసిందెవరు?

ఈ లెక్క ఎందుకు, అవార్డులు దొరలకీ దొరసానులకీ సంబంధించిన వ్యవహారం గదా అని కొందరు మిత్రులు అడిగారు. మాలో చాలామందిమి 1980లలో సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్నవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవాళ్లు. కన్నడమో, మలయాళమో, బెంగాలీయో, కింద ఇంగ్లీషు అక్షరాలు. అవార్డు వచ్చిన సినిమాలు మాకు అట్లాగే తెలిశాయి. ఆ రోజు హాస్టల్లో కూర కాస్త బాగుండేది, అది తిని టీవీ ముందు కింద కూర్చునేవాళ్లం. భాష అర్థమయ్యేది కాదు. కానీ తెర మీద చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డ మనిషి ఎవరో అర్థమయ్యేది. ఆ మనిషి మా నాయన లాగా ఉండేవాడు. కానీ మా నాయన లాగా మాట్లాడేవాడు కాదు. మా నాయన ఇంట్లో మాట్లాడేవాడు, తిట్టేవాడు, ఎగతాళి చేసేవాడు, దొర వెనకాల దొరని అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు. తెర మీద మనిషి నవ్వేవాడు కాదు. ఈ తేడా అప్పుడు తట్టింది గానీ చెప్పటానికి మాటలు లేవు. ఇప్పుడు రాస్తున్నది ఆ మాటల కోసమే.

ఇంకో కారణం కూడా ఉంది. ఇది ప్రైవేటు పత్రికలు, కంపెనీలు ఇచ్చుకునే బొమ్మ కాదు. సర్కారు సొమ్ముతో, సర్కారు వేసిన జ్యూరీతో, రాష్ట్రపతి పేరుతో ఇచ్చేది. అయిదు ప్రాంతీయ ప్యానెళ్లు ముందు వడకడతాయి, ఢిల్లీలో కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. ఏ సినిమా భద్రపరచాలి, ఏది విదేశాలకు పంపాలి, ఏది కాలేజీలో పాఠంగా చెప్పాలి అన్నవాటి మీద ఈ ముద్ర పనిచేస్తుంది. అందుకని దీన్ని వాళ్లకి వదిలేయటానికి లేదు.

ఈ అవార్డుల్లో పెద్దది దాదాసాహెబ్ ఫాల్కే పేరు మీద ఉంది. ఫాల్కే 1913లో తీసింది ‘రాజా హరిశ్చంద్ర’. రాజు కాటికాపరికి అమ్ముడుపోయే కథ. రాజు కాటికాపరి కావటం విషాదం. మరి కాటికాపరి కాటికాపరిగా ఉండటం? దానికి ఆ కథలో కన్నీళ్లు లేవు. (మన పద్యనాటకంలో కాటిసీను జనం నోట నిలిచింది జాషువా పద్యాల వల్ల. ఆ సంగతి పరిషత్తుల్లో ఎంతమంది గుర్తు చేసుకుంటారో!) ఫాల్కే అవార్డు 1969 సంవత్సరానికి మొట్టమొదట దేవికారాణికి ఇచ్చారు. వాల్తేరులో పుట్టిన మనిషి. ఆవిడకి దేశమంతటా పేరు తెచ్చినవాటిలో 1936 నాటి ‘అఛూత్ కన్య’ ఒకటి. అంటరాని పిల్లగా అగ్రకుల స్త్రీ నటించింది, దేశం మెచ్చుకుంది. ఇంచుమించు ఆ కాలంలోనే, మూకీల రోజుల్లో, తిరువనంతపురంలో పి.కె. రోజీ అనే పులయ కులపు అమ్మాయి ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీ వేషం వేసింది. ఆమెని తరిమికొట్టారు. ఊరొదిలి పోయింది. మళ్లీ తెర మీద కనపడలేదు. ఆ సినిమా తీసిన జె.సి. డేనియల్ జీవితం మీద వచ్చిన ‘సెల్యులాయిడ్’కి మాత్రం 2013లో ఉత్తమ మలయాళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. రోజీ కథకి అవార్డు ఇవ్వొచ్చు. రోజీకి మాత్రం ఎనభై ఏళ్లు ఆలస్యమైపోయింది.

ఇప్పుడు నోటి సంగతికి వద్దాం. 1974లో వచ్చిన శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ మన తెలంగాణ పల్లె కథ. ఎల్లారెడ్డిగూడలో తీశారు. ద్వితీయ ఉత్తమ చిత్రం అయింది, షబానా ఆజ్మీ ఉత్తమ నటి అయింది. ఉత్తమ నటుడు సాధూ మెహర్. ఆయన వేసిన కిష్టయ్య పాత్ర చెవిటి, మూగ. కుండలు చేసుకునేవాడు, అల్యూమినియం గిన్నెలొచ్చి బతుకు పోయినవాడు. కల్లు దొంగిలించాడని గుండు కొట్టించి గాడిద మీద ఊరేగిస్తే నోరెత్తలేనివాడు. సాధూ మెహర్ బాగా చేశాడు, అందులో అనుమానం లేదు. మా ప్రశ్న వేరు. కింది కులపు మగవాడికి దేశంలో ఉత్తమ నటన ఏది అంటే, మాట రాకపోవటం అని తేలిందా? చివర్లో అతని పెళ్లాం లక్ష్మి నోరు విప్పి దొరకొడుకుని కడిగేస్తుంది, ఒక పిల్లాడు దొర ఇంటి కిటికీ మీద రాయి విసురుతాడు. ఆ రాయి గుర్తుపెట్టుకోండి. ఆరేళ్ల తర్వాత గోవింద్ నిహలానీ ‘ఆక్రోశ్’. ఉత్తమ హిందీ చిత్రం. అందులో ఆదివాసీ లహాన్యా భీకూ సినిమా పొడుగునా నోరు మెదపడు, ఆఖర్న చెల్లెల్ని తానే నరికి ఒక్క కేక పెడతాడు. మాట్లాడేదంతా అతని బ్రాహ్మణ వకీలు. 1981లో సత్యజిత్ రే ‘సద్గతి’కి ప్రత్యేక జ్యూరీ అవార్డు. దుఃఖీ తిండిలేకుండా పంతులు ఇంటి ముందు మొద్దు కొడుతూ చచ్చిపోతాడు. పంతులు శవం కాలికి తాడు తగిలించి ఈడ్చుకుపోతాడు, తిరిగొచ్చి నీళ్లు చల్లుకుంటాడు. ఆ సీను చూసి తట్టుకోవటం కష్టం, రే గొప్పతనం అదే. కానీ అదే కథలో చమార్లు శవాన్ని ముట్టుకోం అని మొండికేశారు. అది పోరాటం కాదా? కెమెరా దాన్ని పక్కన పెట్టి తాడు దగ్గరే ఆగింది.

‘చోమన దుడి’ దగ్గర కొంచెం నిలబడాలి. 1975 సినిమా. ఉత్తమ చిత్రంగా స్వర్ణ కమలం, ఎం.వి. వాసుదేవరావుకి ఉత్తమ నటుడు, శివరామ కారంతకి ఉత్తమ కథ. దర్శకుడు బి.వి. కారంత్. కారంతులిద్దరూ బ్రాహ్మణులే. ఆ మాట నిందగా అనటం లేదు. 1930లలోనే ఆ నవల రాయటానికి ధైర్యం కావాలి. చోముడి దగ్గర ఎడ్లున్నాయి. దున్నుకోటానికి చెక్క నేల కావాలి. అంతే అతని కోరిక. అంటరానివాడు సేద్యం చెయ్యకూడదు గనక నేల దొరకదు. అప్పు తీర్చటానికి కొడుకులు కాఫీ తోటకి పోతారు, ఒకడు కిరస్తానీ అవుతాడు, కూతురు బెళ్లి తోట గుమాస్తా పాలవుతుంది, చిన్నవాడు నీళ్లలో మునుగుతుంటే ముట్టుకుంటే మైలని ఎవరూ దిగరు. ఆఖరికి చోముడు నాగలి తగలబెట్టి, ఎడ్లని తోలేసి, తలుపేసుకుని దుడి వాయిస్తూ చచ్చిపోతాడు. కథ అంతా భూమి గురించి. కానీ చూసినవాళ్లు ఏం మోసుకుపోయారు? దుడి చప్పుడు మోసుకుపోయారు. అడిగింది నేల, మిగిల్చింది డప్పు. పైగా ఆ కాలం చూడండి. ఎమర్జెన్సీ. ఇరవై సూత్రాల్లో భూపంపిణీ ఒకటి, వెట్టి రద్దు ఒకటి. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఒక చేత్తో వెట్టి పోయిందని ప్రకటించి ఇంకో చేత్తో వెట్టివాడి చావుకి కమలం ఇచ్చిన సర్కారు అది. ఆ సర్కారే, 1970 ఉత్తమ చిత్రం ‘సంస్కార’లో చంద్రి వేషం వేసిన స్నేహలతారెడ్డిని జైల్లో పెట్టింది. విడుదలైన కొద్ది రోజులకే, 1977 జనవరిలో ఆమె చనిపోయింది. ‘సంస్కార’ తీసిన పట్టాభిరామిరెడ్డి మన నెల్లూరు కవి పట్టాభి. తెలుగు ఛందస్సు నడుములు విరగ్గొడతానన్న పట్టాభి, బ్రాహ్మణ అగ్రహారం నడుము మీద దెబ్బ వెయ్యటానికి కన్నడం దాకా పోవాల్సొచ్చింది. తెలుగు సినిమాకి అది అవమానం కాదా అని మేం చాలాసార్లు అనుకున్నాం.

తెలుగులో ఏం జరిగిందంటే, చోముడు వేసిన వాసుదేవరావునే తీసుకొచ్చి మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ తీశాడు. ఉత్తమ తెలుగు చిత్రం. మూలం ప్రేమ్‌చంద్ ‘కఫన్’. ప్రేమ్‌చంద్ కథలో తండ్రీకొడుకులు చమార్లు. ఆ కథ మీదే హిందీ దళిత రచయితలకి పెద్ద పేచీ ఉంది. కోడలు పురిటినొప్పులతో చస్తుంటే దుంపలు కాల్చుకు తినే మనుషులుగా మమ్మల్ని చూపిస్తారా అని. సేన్ ఆ మనుషుల్ని తెలంగాణ పల్లెలో పెట్టి, పని చేసేవాడే మూర్ఖుడు అనే ఒక తత్వం ముసలివాడి నోట పెట్టాడు. ఇక్కడ నోరు ఉంది. ఆ మేరకు మెచ్చుకుంటాం. కాకపోతే మా దృష్టిలో ఆ మాటలు కూలివాడి మాటలే తప్ప కులం తెలిసిన మనిషి మాటలు కావు. కులం పలచబడిపోయి కూలి మిగిలింది. వామపక్ష మిత్రులకి ఈ సినిమా నచ్చటానికీ మాకు సగమే నచ్చటానికీ కారణం ఒకటే.

1985కి వద్దాం. 32వ అవార్డులు. ఉత్తమ చిత్రం ప్రకాష్ ఝా ‘దాముల్’, బీహారు వెట్టి కూలీ కథ. గౌతమ్ ఘోష్ ‘పార్’ ఉత్తమ హిందీ చిత్రం, నసీరుద్దీన్ షా, షబానా ఆజ్మీ ఉత్తమ నటీనటులు. వాడ తగలబడ్డాక కలకత్తా పారిపోయిన దంపతులు, ఇంటికి పోయే డబ్బుల కోసం పందుల మందని నది దాటిస్తారు. ఒకే ఏడాది రెండు సినిమాలు, రెండూ మనవే. ఆ ఏడాదే జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపారు. ముందురోజు తాగునీటి చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. అదీ మొదలు. తెర మీద మనవాళ్లు మౌనంగా చచ్చి బహుమతులు తెస్తున్న సంవత్సరంలో, మన ఊళ్లో మనావిడ నోరు తెరిచి అడిగింది. ఆ తర్వాత చీరాల శిబిరం, దళిత మహాసభ, అవన్నీ పాఠకులకి తెలిసినవే. సువార్త లాంటి ఆడమనిషి ఏ అవార్డు సినిమాలో ఉంది? మేం వెతికాం. అప్పటిదాకా వచ్చినవాటిలో మాకు కనపడలేదు.

1991 ఇంకా దగ్గర. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ సినిమాగా వచ్చింది, అందులో నటనకి పి.ఎల్. నారాయణకి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. అప్పు తీర్చలేక భూమి పోగొట్టుకునే మాల అప్పల్రాముడి కథ. ఆ ఏడాది ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. ఆ గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో రెడ్డి కుర్రాడికి తగిలింది. తెర మీద మనం ఎట్లా ఉన్నాం అని పేజీలు నింపుతున్నాం గానీ, తెర ముందు కాలు చాపుకుని కూర్చోటానికే ఎనిమిది ప్రాణాలు అయ్యాయి. ఇలా తేదీలు పక్కపక్కన పెట్టటం అన్యాయం, నటుడికీ హత్యకీ ఏం సంబంధం అని అడిగేవాళ్లుంటారు. సంబంధం నటుడితో లేదు. చచ్చిపోయిన అప్పల్రాముళ్ల మీద జాలిపడగల దేశానికి, పక్క కుర్చీలో కూర్చున్న డిగ్రీ కుర్రాడి మీద కోపం ఎందుకొస్తుందన్నదే మా సందేహం.

‘దాసి’ గురించి రాయకుండా ఉండలేం. బి. నరసింగరావు సినిమా, 1988. అయిదు జాతీయ అవార్డులు. ఉత్తమ తెలుగు చిత్రం, అర్చనకి ఉత్తమ నటి, ఎ.కె. బీర్‌కి ఛాయాగ్రహణం, తోట వైకుంఠానికి కళా దర్శకత్వం, సుదర్శన్‌కి దుస్తులు. తెలుగు సినిమా గర్వపడాల్సినది, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాం. గడీ లోపలి చీకటి, దొర అడుగుల చప్పుడుకే కమలాక్షి వంగిపోవటం, పెళ్లికూతురితో పాటు సామాన్లాగా వచ్చిన ఆడపిల్ల దొరకీ దొర చుట్టాలకీ పక్క పరచటం, కడుపైతే తీయించుకోవటం, అంతా కేకల్లేకుండా చూపించాడు. మా అమ్మమ్మల కాలపు మాట ఇది. అయితే అవార్డుల జాబితాని ఇంకోసారి చదవండి. వెలుగునీడలు, గోడలు, చీరలు. గడీ ఎంత నిజంగా ఉందో దానికి కొలత వేసి బహుమతులిచ్చారు. కమలాక్షి మనసులో ఏముందో ఆమె నోట వినటం తక్కువ. మౌనమే ఆమె చరిత్ర అని దర్శకుడు అనొచ్చు. కానీ గడీల్లో పనిచేసిన ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకోలేదా? వంటింట్లో, బావి కాడ, దొరసాని నిద్రపోయాక? తెలంగాణ ఆడవాళ్ల పాటల్లో దొర మీద ఎన్ని సెటైర్లున్నాయో ఆ పాటలు సేకరించినవాళ్లకి తెలుసు. అర్చన కళ్లు చాలా చెప్పాయి. కళ్లతో చెప్పటం ఎవరికి గతి అన్నదే మా బాధ.

అన్నీ ఇట్లాగే ఉన్నాయని అనం. రెండో ఏడాదిలోనే ‘మహాత్మా ఫూలే’ మరాఠీ చిత్రానికి రజత పతకం వచ్చింది. జబ్బార్ పటేల్ ‘డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్’ 46వ అవార్డుల్లో ఉత్తమ ఇంగ్లీషు చిత్రం అయింది, మమ్ముట్టి ఉత్తమ నటుడు అయ్యాడు. అప్పుడు రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది కె.ఆర్. నారాయణన్. ఇక్కడ మనిషికి నోరుంది, ఎట్లాంటి నోరు! కానీ ఆ సినిమా తమిళంలో జనం దగ్గరికి చేరటానికి 2010 డిసెంబరు దాకా పట్టింది, కోర్టుకి పోవాల్సొచ్చింది. ఇక ‘బండిట్ క్వీన్’. సీమా బిశ్వాస్‌కి ఉత్తమ నటి, సినిమాకి ఉత్తమ హిందీ చిత్రం. ఫూలన్ దేవి బతికే ఉంది, ఇది నా కథ కాదు, నా మానాన్ని తెర మీద ఆరేస్తారా అని కోర్టుకెక్కింది. నోరున్న ఫూలన్ మాట కన్నా ఫూలన్ వేషం మాటే చెల్లింది.

నాగరాజ్ మంజులే వచ్చాక లెక్క కొంత మారింది. వడ్డెర కులం నుంచి వచ్చినవాడు. 2013లో ‘ఫాండ్రీ’కి తొలి చిత్ర దర్శకుడి అవార్డు, అందులో జబ్యా వేసిన సోమ్‌నాథ్ అవఘడేకి బాలనటుడి అవార్డు వచ్చింది. సోమ్‌నాథ్ పల్లెటూరి పిల్లాడు, సినిమా వాసన తెలియనివాడు. ‘పార్’లో నసీరుద్దీన్ షా పందులు తోలితే అది కష్టజీవి సాహసం. ‘ఫాండ్రీ’లో జబ్యా కుటుంబం ఊరి మధ్య పందిని తరుముతుంటే, తోటి పిల్లలు గోడలెక్కి కూర్చుని నవ్వుతుంటారు, తను ఇష్టపడ్డ పిల్ల కూడా చూస్తుంటుంది. కష్టం కన్నా సిగ్గు ఎక్కువ బరువని మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. పంది దొరికేలోగా బడిలో జనగణమన మొదలవుతుంది, అందరూ కదలకుండా నిలబడతారు, పంది మాత్రం పోతుంది. చచ్చిన పందిని కర్రకి కట్టి మోసుకుపోతుంటే వెనకాల బడిగోడ మీద ఫూలే, అంబేద్కర్ బొమ్మలు. హాస్టళ్లలో ఈ సీను దగ్గర పిల్లలు ముందు నవ్వారు, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయారు. చివర జబ్యా రాయి విసురుతాడు. ‘అంకుర్’లో పిల్లాడి రాయి దొర ఇంటి కిటికీకి తగిలింది, హాల్లో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. జబ్యా రాయి నేరుగా కెమెరా మీదికి, అంటే చూసేవాళ్ల మొహం మీదికి వస్తుంది. చప్పట్లు కొట్టాలంటే ముందు మొహం తుడుచుకోవాలి. ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది ఆ రాయి దిశ మారటానికి. ఈ అవార్డు ప్రకటించిన 2014 ఏప్రిల్ నెలలోనే, 22న, చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలన్నీ హైకోర్టు కొట్టేసింది.

మర్నాటి ఏడు ‘కోర్ట్’ ఉత్తమ చిత్రం. లోకషాయిర్ నారాయణ్ కాంబ్లే పాట పాడితే పారిశుధ్య కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడని కేసు. అంటే దళితుడు నోరు తెరిస్తే నేరం అన్నదే కథ. కాంబ్లేగా చేసింది వీరా సాథీదార్, నాగపూర్ అంబేద్కరైట్ కార్యకర్త, ‘విద్రోహి’ పత్రిక నడిపినవాడు. 2021లో కరోనా మింగేసింది ఆయన్ని. పాటలు శంభాజీ భగత్‌వి. చనిపోయిన కార్మికుడి భార్య బోనులో నిలబడి, మ్యాన్‌హోల్ దగ్గర బొద్దింకలు బయటికొస్తాయా లేదా అని చూసి దిగేవాడని మామూలు గొంతుతో చెప్తుంది. అవార్డు సినిమాల్లో మేం విన్న గొప్ప మాటల్లో అదొకటి. కెమెరా మాత్రం వకీలు ఇంటికీ, ప్రాసిక్యూటర్ వంటింటికీ, జడ్జి విహారయాత్రకీ పోతుంది. కాంబ్లే ఇంట్లో రాత్రి ఏం వండుకున్నారో మనకి తెలీదు. అయినా ఇది మెట్టు ఎక్కినట్టే.

తర్వాత మెట్టు దిగారని మా అభిప్రాయం. ‘పరియేరుమ్ పెరుమాళ్’ ఏ జాబితాలోనూ లేదు. 2021లో తమిళంలో ‘కర్ణన్’, ‘సార్పట్ట పరంబరై’, ‘జై భీమ్’ వచ్చాయి. 69వ అవార్డుల్లో మూడింటిలో ఒక్కదానికీ ఏమీ లేదు. ఆ ఏడు జాతీయ సమైక్యత అవార్డు ‘ద కాశ్మీర్ ఫైల్స్’కి ఇచ్చారు. ధనుష్‌కి ‘అసురన్’లో నటనకి ఇచ్చారు గదా అంటారు. ఇచ్చారు, 67వ అవార్డుల్లో. అదే కథ తెలుగులో ‘నారప్ప’గా వచ్చేసరికి పంచమి భూముల పదును ఏమైందో రెండూ చూసినవాళ్లు చెప్పాలి.

తెలుగుకి వచ్చినవి చూడండి. 2020కి ‘కలర్ ఫోటో’, 2021కి ‘ఉప్పెన’. రెండూ కులాంతర ప్రేమ లాంటి కథలే. ‘లాంటి’ అని ఎందుకంటున్నామంటే, మొదటిదాంట్లో కులం ఉండాల్సిన చోట నలుపు పెట్టారు. మచిలీపట్నంలో పాలమ్ముకునే కుర్రాడు నల్లగా ఉన్నాడని అమ్మాయి అన్నకి కోపం. నల్లగా ఉన్న కమ్మ, రెడ్డి, బ్రాహ్మణ కుర్రాళ్లు మన కాలేజీల్లో ఎంతమంది లేరు, వాళ్లని ఎవరు కొట్టారు? రెండోదాంట్లో హీరో పేరు ఆశీర్వాదం. ఆ పేరు చెప్పగానే ఆంధ్రలో అందరికీ పేట గుర్తొస్తుంది, సినిమా మాత్రం సముద్రం చూపిస్తుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆసుపత్రి గేటు ముందు నరికారు. ఆ తర్వాత వచ్చిన సినిమాలో కూడా కులం పేరు చెప్పటానికి నోరు రాలేదు. ఆ ఏడాదే ‘పుష్ప’కి అల్లు అర్జున్ ఉత్తమ నటుడు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావటం అదే మొదలు. ఎర్రచందనం కూలీ వేషం కోసం ఆయన రంగు పూసుకున్నాడు. కూలీకి నోరుంది, డైలాగులున్నాయి, దేశమంతా వల్లించింది. ఇంటి పేరు లేదన్న అవమానం కూడా ఉంది. ఆ అవమానానికి కులం లేదు. కాబట్టి మౌనం పోలేదు, చోటు మారింది. ముందు పాత్ర మూగది. ఇప్పుడు సినిమాయే మూగది.

ఇక పాట. 68వ అవార్డుల్లో ఉత్తమ గాయని అట్టప్పాడి ఇరుళ ఆదివాసీ నంజియమ్మ, ‘అయ్యప్పనుం కోశియుం’లో పాటకి. 2022 సెప్టెంబరు 30న ద్రౌపది ముర్ము చేతుల మీదుగా తీసుకుంది. ఆదివాసీ స్త్రీ ఇస్తుంటే ఆదివాసీ స్త్రీ పుచ్చుకోవటం, చూసినవాళ్లం చాలాసేపు మాట్లాడలేకపోయాం. ఆ అవార్డు ప్రకటించగానే ఒక సంగీతకారుడు, సంగీతం నేర్చుకుని శ్రుతి పట్టి పాడేవాళ్లకి ఇది అవమానం కాదా అన్నాడు. చాలామంది గాయకులు ఆమె పక్కన నిలబడ్డారు కూడా, అది చెప్పకపోతే తప్పు. డెబ్బై ఏళ్లుగా మూగపాత్రలకి బహుమతులిస్తే ఎవరికీ శ్రుతి గుర్తు రాలేదు. నిజంగా పాడేసరికి గుర్తొచ్చింది.

71వ అవార్డుల్లో ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకి కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత. తెలంగాణ మాటకి వచ్చిన గౌరవం, సంతోషించాం. కానీ 2023లో ఊళ్లల్లో తెరలు కట్టి ఆ సినిమా ఆడించినప్పుడు జనం గుండె బాదుకుని ఏడ్చింది చివరి పాట దగ్గర. పాడింది మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. బుడగ జంగాలు. చావింటికి పోయి, చచ్చిపోయినవాడి పేరూ బంధువుల పేర్లూ అప్పటికప్పుడు పాటలో అల్లి పాడటం వాళ్ల కులవృత్తి. ఎస్సీ జాబితాలో ఉన్నవాళ్లు. జాతీయ అవార్డుల్లో రాసినవాడికి ఒకటుంది, స్వరం కట్టినవాడికి ఒకటుంది, స్టూడియోలో పాడినవాడికి ఒకటుంది. చావింటి ముందు కూర్చుని ఈ మూడూ ఒక్కళ్లే చేసేవాళ్లకి ఏదీ లేదు. మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరులో వరంగల్‌లో చనిపోయాడు. అవార్డులు ప్రకటించింది 2025 ఆగస్టు 1న.

వచ్చే నెల నుంచి కొన్ని హాస్టళ్లలో ‘దాసి’, ‘ఫాండ్రీ’, ‘బలగం’ వరసగా వేసి పిల్లలతో మాట్లాడాలని అనుకుంటున్నాం. మొదటి విడత చర్చలో ఇంటర్ చదివే ఒకమ్మాయి, కమలాక్షికి ఇంటి పేరు ఏమిటి సార్, పుట్టిల్లు ఏ వాడ, అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. గడీల్లో పనిచేసిన ముసలమ్మలు ఇంకా బతికున్న ఊళ్లు ఆ అమ్మాయికి తెలుసట. టేప్‌రికార్డరు తీసుకుని పోదాం అంది.